ఎకో, టీఎంటీ, సీటీ, యాంజియో: గుండె పరీక్ష ఎవరికి, ఎప్పుడు

క్లుప్తంగా: ఒకే పరీక్ష ఒకరి ప్రాణం నిలుపుతుంది, ఇంకొకరికి లేని జబ్బు అంటగడుతుంది. జబ్బు ఉందన్న అనుమానం ముందే ఎంత ఉంది, ఫలితం చూశాక చికిత్స ఏమైనా మారుతుందా అన్న రెండు ప్రశ్నలతో పరీక్ష అవసరం తేలుతుంది. ఏ బాధా లేనివారికి ఏటా చేసే ట్రెడ్‌మిల్, కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు రాసే ఎకో, స్టెంట్ వేసుకుని హాయిగా తిరుగుతున్నవారికి ‘ఒకసారి చూద్దాం’ అని తీసే సీటీ చాలావరకు అక్కర్లేనివి. కొత్తగా వచ్చిన ఆయాసాన్ని, స్టెతస్కోపులో గుండె చప్పుడుకు తోడు వినిపించే అదనపు శబ్దాన్ని (మర్మరం), నడిస్తే వచ్చి నిలబడితే పోయే ఎద నొప్పిని మాత్రం పరీక్ష లేకుండా వదిలేయకూడదు.

కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊరి ఆసుపత్రుల వీధిలో నడిచినా ‘గుండె చెకప్’ ప్యాకేజీల బోర్డులు కనిపిస్తాయి. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) అన్నీ కలిపి ఒకటే ధర. జిమ్‌లో కుప్పకూలిన నడివయసు మనిషి వీడియో ఫోన్లలో తిరిగితే చాలు, ఏ జబ్బూ లేనివాళ్లు కూడా ఆ బోర్డు వైపు చూస్తారు. అదే సమయంలో పత్తికొండ దగ్గరో ముద్దనూరు దగ్గరో చేనుగట్టు ఎక్కితే ఎద పట్టేసే రైతు గ్యాస్ మాత్ర మింగి పనికి పోతుంటాడు. అక్కర్లేనివారికి పరీక్షలు ఎక్కువ కావడానికీ, అక్కర ఉన్నవారికి అందకపోవడానికీ మూలం ఒకటే. ఏ పరీక్ష దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో తెలియకపోవడం.

‘ఎకో నార్మల్’ అంటే బ్లాకులు లేవని కాదు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. టూడీ ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్. గుండె గదుల సైజు, కండరం కదలిక, వాల్వులు, రక్తం ప్రవహించే వేగం, గుండె చుట్టూ నీరు చేరిందా లేదా అన్నవి అందులో తెలుస్తాయి. జనం ‘పంపింగ్’ అనే ఎజెక్షన్ ఫ్రాక్షన్ కూడా అందులోనిదే. అది 55 నుంచి 70 శాతం ఉంటే మామూలు. గుండె కండరానికి రక్తం తెచ్చే సన్నని కరోనరీ నాళాల లోపలి పూడిక మాత్రం మామూలు ఎకోలో కనిపించదు. బ్లాకు వల్ల కండరం దెబ్బతిని కదలిక తగ్గాకే దాని జాడ తెలుస్తుంది.

దీన్ని డ్రిప్పు వేసిన బత్తాయి తోటతో పోల్చవచ్చు. బోరు దగ్గర గేటు వాల్వు సగానికి పైగా మూసి ఉన్నా, ఒక్క లైనుకే నీళ్లు వదిలితే చివరి చెట్టు దాకా పారతాయి. అన్ని లైన్లూ ఒకేసారి తిప్పితే చివరి చెట్లు ఎండుతాయి. గుండెదీ ఇదే లెక్క. మనిషి కూర్చుని ఉన్నప్పుడు నాళం 85 శాతం దాకా పూడినా దిగువనున్న చిన్న నాళాలు వెడల్పై లోటును సర్దేస్తాయి. శ్రమ చేస్తే కండరానికి మూడు నాలుగు రెట్లు రక్తం కావాలి. అప్పుడు 50 నుంచి 70 శాతం పూడిక కూడా బయటపడుతుంది. విశ్రాంతిలో తీసిన ఈసీజీ, ఎకో రెండూ ‘నార్మల్’ వచ్చిన మనిషికి వారం తిరక్కుండా గుండెపోటు రావడంలో వింతేమీ లేదు. టీఎంటీ, స్ట్రెస్ ఎకో (శ్రమ పెట్టి తీసే ఎకో), న్యూక్లియర్ స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి కండరానికి రక్తం చేరుతోందా చూసేది) పుట్టింది గుండెకు పని పెట్టి చూడటానికే. సీటీ యాంజియో, చేతి మణికట్టులోంచి ట్యూబు వేసి తీసే యాంజియోగ్రామ్ నేరుగా నాళాల ఆకారాన్నే చూస్తాయి.

పరీక్షకు ముందు వేసే లెక్క

ఏ పరీక్షా నూటికి నూరుపాళ్లు నిజం చెప్పదు. టీఎంటీ మీద 1989లో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం, జబ్బు ఉన్న నూరు మందిలో అది 68 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని నూరు మందిలో 77 మందికి లేదని సరిగ్గా చెబుతుంది. ఈ అంకెలను మూడు రకాల జనానికి వర్తింపజేస్తే విషయం తేలుతుంది.

ఏ బాధా లేని నడివయసువారు వెయ్యి మంది ప్యాకేజీలో ట్రెడ్‌మిల్ ఎక్కారనుకుందాం. వాళ్లలో 30 మందికి నిజంగా బ్లాకులు ఉన్నాయనుకుందాం. పరీక్ష ఆ 30 మందిలో 20 మందిని పట్టుకుంటుంది. మిగతా 970 మందిలో 223 మందికి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అంటే ‘పాజిటివ్’ అన్న కాగితం చేతిలో ఉన్న పన్నెండు మందిలో ఒక్కరికే జబ్బు. మిగిలిన పదకొండు మందికీ నిద్ర పట్టదు, సీటీ చేయించుకుంటారు, కొందరు యాంజియోగ్రామ్ దాకా వెళ్తారు.

రెండో రకం: జబ్బు ఉండొచ్చు, లేకపోవచ్చు, సగం సగం అనిపించే వెయ్యి మంది. ఇక్కడ పాజిటివ్ వచ్చిన 455 మందిలో 340 మందికి నిజంగానే జబ్బు ఉంటుంది. పరీక్ష పనిచేసేది ఇక్కడే.

మూడో రకం: లక్షణాలు చూస్తే నూటికి 80 మందికి జబ్బు ఉన్నట్టే ఉన్న వెయ్యి మంది. వీళ్లలో 410 మందికి ‘నెగెటివ్’ వస్తుంది, అందులో 256 మంది జబ్బు ఉన్నవాళ్లే. నెగెటివ్ కాగితం చూసి ఇంటికి పంపేస్తే పదిలో ఆరుగురి విషయంలో పొరపాటు జరిగినట్టే. వీరికి ట్రెడ్‌మిల్ అడ్డుదారి కూడా కాదు, ఆలస్యం మాత్రమే.

నిపుణుల సంఘాలు మార్గదర్శకాలు రాసేటప్పుడు ఈ లెక్కనే ఆధారం చేసుకుంటాయి. యూరప్ గుండె వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో వయసు, ఆడామగా, నొప్పి తీరును బట్టి ముందస్తు అంచనా పట్టిక ఇచ్చింది. గుండెకు సంబంధం లేనట్టు అనిపించే నొప్పి ఉన్న ముప్పైల మగవాడికి 1 శాతం, అరవైలలో అసలు సిసలు యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఎద నొప్పి) ఉన్న మగవాడికి 44 శాతం, అదే వయసు ఆడమనిషికి 16 శాతం. 5 శాతంలోపు ఉంటే పరీక్ష సాధారణంగా అక్కర్లేదని, 15 దాటితే ప్రయోజనం ఉంటుందని ఆ పత్రం చెప్పింది. ఈ పట్టికను రాయలసీమ రోగికి యథాతథంగా అతికించకూడదు. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తోందని, మిగతా దేశాలవారికి దాదాపు 59కి అని ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2007లో చూపింది. కాబట్టి షుగరు, బీడీ, తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు ఉన్న 42 ఏళ్ల మనిషిని పట్టిక చూపి తోసిపుచ్చడం తగదు.

అసలు పరీక్ష: నొప్పి గురించి అడగడం

ముందస్తు అంచనాకు యంత్రం అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. నొప్పి రొమ్ము ఎముక వెనక బరువుగా, బిగుసుకున్నట్టు ఉంటుందా? నడకతోనో కోపంతోనో వస్తుందా? నిలబడితే లేదా నాలుక కింద మాత్ర పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో తగ్గుతుందా? మూడింటికీ అవునంటే అసలైన యాంజైనా. రెండింటికి అవునంటే అనుమానం మిగిలే ఉంటుంది. ఒక్కదానికే అవునన్నా, ఏ ఒక్కదానికీ కాకపోయినా గుండె కారణం అయ్యే అవకాశం తక్కువ. వేలితో ఒక చోట చూపించగల నొప్పి, అక్కడ నొక్కితే ఎక్కువయ్యేది, శ్వాస పీలిస్తే పొడిచేది, క్షణకాలం సూదిలా గుచ్చి పోయేది చాలాసార్లు కండరానిదో పక్కటెముకదో అయి ఉంటుంది.

సీమలో ఈ ప్రశ్నలను స్థానిక పనులతో కలిపి అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది. చెనక్కాయ మూట నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కితే ఎలా ఉంటుంది? పోయిన ఏడాది అహోబిలం మెట్లు ఆగకుండా ఎక్కినవారు ఈసారి ఎన్నిచోట్ల కూర్చున్నారు? నొప్పి ‘సంగటి తిన్నాక వస్తుంది’ అంటే గ్యాస్ అనిపిస్తుంది. ‘సంగటి తిని చేనికి నడుస్తుంటే వస్తుంది’ అంటే కథ మారుతుంది. తిన్నాక నడిస్తే తొందరగా వచ్చే యాంజైనా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఈనో తాగాక తేన్పు వచ్చి హాయిగా అనిపించినంత మాత్రాన గుండె కాదని తేలదు.

ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో, పెద్దవయసువారిలో నొప్పికి బదులు ఆయాసం, విపరీతమైన నీరసం, దవడ లేదా భుజం లాగడం కనిపించవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే నడిస్తే ఆయాసం వస్తుంది, ట్రెడ్‌మిల్ గ్రాఫు కూడా తప్పుగా మారుతుంది. హిమోగ్లోబిన్ చూడకుండా టీఎంటీ రాయడం అంటే పునాది చూడకుండా గోడ కొలవడమే. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిషింగులో పనిచేసినవారి ఆయాసానికి ఊపిరితిత్తుల ఎక్స్‌రే కూడా అంతే ముఖ్యం.

నొప్పి కూర్చున్నప్పుడే వచ్చి ఇరవై నిమిషాలైనా పోకపోతే, చెమటలు పట్టి వాంతి వచ్చేట్టుంటే, పై చర్చంతా పక్కన పెట్టాలి. అది 108 పిలవాల్సిన స్థితి. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, తర్వాత గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష. తొలి ఈసీజీ బాగుండి నొప్పి తగ్గకపోతే పదిహేను ఇరవై నిమిషాలకు మళ్లీ తీయాలి. ఆ మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించడం ప్రమాదం.

ఏ పరీక్ష ఎక్కడ తప్పుతుంది

టీఎంటీ చవక, దొరకడం సులువు. నడవగలిగిన, విశ్రాంతి ఈసీజీ మామూలుగా ఉన్న, మధ్యస్థ అనుమానం ఉన్నవారికి ఇప్పటికీ పనికొస్తుంది. బ్రూస్ పద్ధతిలో గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలై ప్రతి మూడు నిమిషాలకూ వేగం, వాలు రెండూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసివేస్తే వచ్చే అంకెలో కనీసం 85 శాతానికి గుండె వేగం చేరాలి. చేరకముందే కాళ్లు నొప్పులని దిగిపోతే ఫలితం ‘నెగెటివ్’ కాదు, ‘తేలలేదు’ అని రాయాలి. చాలా రిపోర్టుల్లో ఈ తేడా మాయమవుతుంది. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకుని ఎక్కితే వేగం పెరగదు. వాటిని ఒకటి రెండు రోజుల ముందు ఆపాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఈసీజీలో ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (నాళంలో పూడిక కాదు, గుండెలో విద్యుత్తు పారే దారిలో అడ్డంకి) ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నా గ్రాఫు చదవడానికి పనికిరాదు.

రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అన్న మాట కంటే డ్యూక్ స్కోరు ఎక్కువ చెబుతుంది. నడిచిన నిమిషాల్లోంచి, ఈసీజీలో ఎస్‌టీ అనే గీత కిందికి దిగిన మిల్లీమీటర్లను ఐదుతో హెచ్చించి తీసేయాలి. నొప్పి రాకపోతే 0, వస్తే 1, నొప్పి వల్లే ఆపాల్సి వస్తే 2. దాన్ని నాలుగుతో హెచ్చించి అదీ తీసేయాలి. తొమ్మిది నిమిషాలు ఏ మార్పూ లేకుండా నడిస్తే స్కోరు +9. నాలుగు నిమిషాలకే 2 మిల్లీమీటర్లు దిగి నొప్పితో ఆగితే 4 - 10 - 8, అంటే -14. +5, ఆపైన ఉంటే ముప్పు తక్కువ. -11, అంతకంటే కింద ఉంటే యాంజియోగ్రామ్ గురించి మాట్లాడాల్సిందే.

సీటీ యాంజియో బలం ‘లేదు’ అని చెప్పడంలో ఉంది. మంచి నాణ్యతతో తీసిన సీటీలో నాళాలు శుభ్రంగా ఉంటే 95 శాతానికి పైగా నమ్మవచ్చు. స్కాట్లాండ్‌లో 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో, మామూలు వైద్యానికి సీటీ జోడించినవారిలో ఐదేళ్లలో గుండెజబ్బు మరణం లేదా గుండెపోటు 2.3 శాతం, జోడించనివారిలో 3.9 శాతం. సీటీ చూశాక కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ లాంటి మందులు సరైనవారికి మొదలవడం ఆ తేడాకు ప్రధాన కారణమని భావిస్తారు. అయితే పది వేల మందిపై జరిగి 2015లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో సీటీకీ, ఒత్తిడి పరీక్షలకూ ఫలితాల్లో తేడా కనిపించలేదు.

దీని చిక్కులు దీనికున్నాయి. గుండె వేగం నిమిషానికి 65 లోపు ఉంటేనే బొమ్మ చెదరదు. అందుకే గంట ముందు మెటోప్రొలాల్ ఇస్తారు, నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రేట్ పెడతారు. గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్నవారు సిగ్గుపడి దాస్తే నైట్రేట్‌తో బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అయోడిన్ మందు 60 నుంచి 90 మిల్లీలీటర్లు ఎక్కుతుంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ముందే చూడాలి. కాల్షియం గట్టిగా పేరుకున్న నాళాల్లో, 3 మిల్లీమీటర్లకంటే సన్నని స్టెంట్లలో, లయ తప్పిన గుండెల్లో బొమ్మ మసకబారి, లేని బ్లాకులు ఉన్నట్టు కనిపిస్తాయి.

మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి నడకకు బదులు మందు ఎక్కించి డోబుటమిన్ స్ట్రెస్ ఎకో లేదా అడినోసిన్‌తో న్యూక్లియర్ స్కాన్ చేస్తారు. అడినోసిన్‌కు ముందు రోజు నుంచే టీ, కాఫీ మానాలి. ఉదయం ఒక్క గ్లాసు టీ తాగినా మందు సరిగా పనిచేయక బ్లాకు దాక్కోవచ్చు. ఆస్తమా ఉంటే ఆ మందే వద్దు. రేడియేషన్ లెక్కలో ఎకో, ఎంఆర్‌ఐ సున్నా. సీటీ యాంజియో కొత్త యంత్రాల్లో 3 నుంచి 5 మిల్లీసీవర్టులు, న్యూక్లియర్ స్కాన్ దాదాపు 10. ప్రకృతి నుంచే ప్రపంచ సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4.

ట్యూబు వేసే యాంజియోగ్రామ్‌ను ‘చూసేద్దాం’ అన్న పరీక్షగా వాడకూడదు. మరణం, గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఉపద్రవాలు వెయ్యిలో ఒకటి నుంచి ముగ్గురికి వస్తాయి. స్టెంట్ లేదా బైపాస్ అవసరం పడేట్టుంటే ఆ ముప్పు తీసుకోవచ్చు. 37 దేశాల్లో 5,179 మందిపై జరిగిన ఇస్కీమియా అధ్యయనం 2020లో చెప్పిందేమిటంటే, నిలకడగా ఉన్న జబ్బులో మందులతో మొదలుపెట్టినవారికీ, వెంటనే యాంజియోగ్రామ్ చేసి బ్లాకు తీసినవారికీ మరణాల్లో తేడా రాలేదు. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు, బాగా తగ్గిన పంపింగ్, మందులకు లొంగని నొప్పి ఉన్నవారు ఈ లెక్కలోకి రారు.

ఏ బాధా లేనప్పుడు

అమెరికా గుండె వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ) 2005లో న్యూక్లియర్ స్కాన్లతో మొదలుపెట్టి ‘సమంజస వినియోగ ప్రమాణాలు’ తెచ్చింది. ఒక్కో సందర్భానికీ నిపుణులు 1 నుంచి 9 మార్కులు వేస్తారు. 7 ఆపైన సమంజసం, 4 నుంచి 6 సమంజసం కావచ్చు, 3 లోపు అరుదుగానే సమంజసం. బాధలేవీ లేని, ముప్పు తక్కువ ఉన్నవారికి స్ట్రెస్ పరీక్ష ఆఖరి గడిలోనే ఉంది.

షుగరు ఉన్నవారి సంగతేమిటి? లక్షణాల్లేని 1,123 మంది షుగరు రోగులపై జరిగిన డయాడ్ అధ్యయనం 2009లో వచ్చింది. న్యూక్లియర్ స్కాన్ చేసినవారిలో దాదాపు ఐదేళ్లలో గుండె ఘటనలు 2.7 శాతం, చేయనివారిలో 3.0 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. షుగరు, బీపీ, కొలెస్టరాల్ మందులు స్కాన్ ఉన్నా లేకున్నా ఒకటే కాబట్టి ఇలా జరిగిందని భావిస్తారు.

మినహాయింపు ఒక్కటుంది: కాల్షియం స్కోరు. గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే, ఇంజెక్షన్ లేని, 1 మిల్లీసీవర్టు దగ్గరి చిన్న సీటీ. నలభై దాటి, స్టాటిన్ వేసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవారికి ఇది పనికొస్తుంది. 100 దాటితే మందు వైపు మొగ్గాలి. ఇప్పటికే స్టాటిన్ వాడుతున్నవారికి, స్టెంట్ ఉన్నవారికి దీంతో పనిలేదు. ఎద నొప్పి ఉన్న 35 ఏళ్ల మనిషికి సున్నా వచ్చినా ధైర్యం చెప్పలేం. ఆ వయసు పూడికలో కాల్షియం ఇంకా చేరి ఉండకపోవచ్చు.

ఆపరేషన్‌కు ముందు, స్టెంట్ తర్వాత

శుక్లం ఆపరేషన్, చిన్న గడ్డ తీయడం లాంటివాటికి గుండె స్కానింగ్ అవసరం లేదు. పెద్ద ఆపరేషన్‌కు ముందైనా, ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగినవారికి స్ట్రెస్ పరీక్ష చేయడం వల్ల సాధారణంగా నిర్ణయం మారదు. మర్మరం, తెలియని ఆయాసం ఉంటే ఎకో తీయాల్సిందే.

స్టెంట్ తర్వాత ఏటా ట్రెడ్‌మిల్ చేయించడం చాలామందికి అలవాటైపోయింది. ముప్పు ఎక్కువున్న 1,706 మంది స్టెంట్ రోగులపై కొరియాలో జరిగి 2022లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి తప్పనిసరి పరీక్ష చేసినా చేయకున్నా రెండేళ్ల ఫలితం ఒకటే. కొత్తగా నొప్పి వస్తే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి.

గుండెపోటు వచ్చాక పంపింగ్ 35 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి కనీసం 40 రోజులు మందులు వాడి మళ్లీ ఎకో తీయాలి. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం అమర్చాలా అన్నది ఆ రెండో అంకెను బట్టే తేలుతుంది. తొలి వారంలో తీసిన అంకె నమ్మదగింది కాదు, స్తంభించిన కండరం కొన్ని వారాల్లో కోలుకోవచ్చు.

ఎకో నిజంగా అవసరమైన చోట

గర్భిణికి నెల పెరిగేకొద్దీ కొంత ఆయాసం మామూలే. పడుకుంటే ఊపిరాడకపోవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, కాళ్లవాపుతోపాటు దగ్గు ఉంటే ఎకో ఆలస్యం చేయకూడదు. చిన్నప్పుడు కీళ్లవాపుల జ్వరం వచ్చి, గుండె ఎడమ గదుల మధ్యనున్న మైట్రల్ వాల్వు సన్నబడిన సంగతి తొలిసారి కాన్పు సమయంలో బయటపడటం పల్లెల్లో కొత్త కాదు. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకుంటున్న పిల్లలకూ ఎకో అవసరమే. గుండెను దెబ్బతీయగల డాక్సోరూబిసిన్ లాంటి క్యాన్సర్ మందులకు ముందు కూడా.

దీనికి ఇంకో అంచు ఉంది. ‘ట్రివియల్ ఎంఆర్’, ‘మైల్డ్ టీఆర్’ (మైట్రల్, ట్రైకస్పిడ్ వాల్వుల్లో స్వల్ప లీకేజీ) అని రిపోర్టులో చూసి ఏటా ఎకోకు పరుగెత్తేవారు చాలామంది. ఆ లీకేజీలు ఆరోగ్యవంతులలోనూ కనిపిస్తాయి. సన్నబడిన వాల్వు విషయంలో గడువు తీవ్రతను బట్టి ఉంటుంది. మైట్రల్ వాల్వు వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లకు పైన ఉంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి, 1.0 నుంచి 1.5 మధ్య ఉంటే ఏడాది లేదా రెండేళ్లకోసారి, 1.0 కంటే తక్కువైతే ఏటా. లక్షణం మారితే గడువుతో పనిలేదు.

ఒకే పరీక్ష మూడు ఊళ్లలో

2007లో ఆరోగ్యశ్రీ మొదటి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పుట్టపర్తిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే ఆసుపత్రి ఉంది. చికిత్సకు దారులు ఉన్నా, రోగి నడిచే దారి మాత్రం చెల్లాచెదురు. కర్నూలు వాళ్లు హైదరాబాదు పోతారు, అనంతపురం వాళ్లు బెంగళూరు, కడప వాళ్లు తిరుపతి లేదా చెన్నై. ప్రతిచోటా ఎకో మొదటి నుంచి మళ్లీ తీస్తారు. కొంత ఆసుపత్రి లెక్క, కొంత కేసు భయం, కొంత పాత కాగితం లేకపోవడం. మొదటి రెంటినీ రోగి మార్చలేరు.

మూడోది మార్చవచ్చు. యాంజియోగ్రామ్ అయ్యాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక సీడీ అడిగి తీసుకోవాలి. బైపాస్ అవసరమా అన్నది రెండో డాక్టరు బొమ్మ చూసే చెప్పగలరు, ‘మూడు బ్లాకులు’ అన్న మాటతో కాదు. ట్రెడ్‌మిల్‌కు గ్రాఫు పేజీలన్నీ కావాలి. ఎకోకు అంకెలున్న పేజీ. మైట్రల్ వాల్వు 1.6 నుంచి 1.4కు దిగితే రోగి తీవ్రమైన జబ్బు గీత దాటినట్టు. పాత 1.6 కాగితం ఇంట్లో పోతే కొత్త 1.4 నిన్న వచ్చిందో పదేళ్ల నుంచి ఉన్నదో ఎవరూ చెప్పలేరు.